మోనోంగా కొండమీద రాళ్ళు చదువుతూ

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, ఫెయిర్‌మాంట్ పట్నం పక్కన, వెస్ట్ ఫోర్క్ నది ఒడ్డున మోనోంగా అని ఒక చిన్న బొగ్గు ఊరు ఉంది. ఊరి పైన కొండవాలులో కాథలిక్కుల సమాధుల తోట, పేరు మౌంట్ కల్వరీ. 1907 డిసెంబరు 6న ఆ ఊరి గనుల్లో జరిగిన పేలుడులో పోయినవాళ్ళలో చాలామందిని పూడ్చింది అక్కడే. ఆ తోటలో పాత రాళ్ళు శుభ్రం చేసి, వాటిమీద ఏముందో అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టే పనిలో కొంతకాలంగా ఉన్నాను. బొగ్గు ఊళ్ళ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు దీన్ని చదివితే వాళ్ళకి ఇందులో తమ ఊరు కూడా కనిపిస్తుందని నా నమ్మకం.

మాది ఇల్లందు. బొగ్గుట్ట అంటే పాతవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త మా ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి కథంతా అక్కడ మొదలైందే. మా నాన్న బాయి (బొగ్గు గని) మీద ల్యాంప్ రూమ్‌లో, అంటే గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే చోట, పనిచేసి రిటైరయ్యారు. నేను ఉద్యోగం కోసం వచ్చి మోర్గన్‌టౌన్‌లో స్థిరపడ్డాను. అక్కడి నుంచి మోనోంగా కారులో అరగంట దూరం. చాలాకాలం హైవే మీద ఆ పేరున్న బోర్డు చూస్తూ వెళ్ళిపోయేవాళ్ళం. ఒకసారి లోపలికి తిరిగి చూశాను. నది, నది పక్కన రైలు పట్టాలు, కొండకు అతుక్కున్నట్టు కట్టిన కంపెనీ ఇళ్ళు. కార్మికుల క్వార్టర్లు ఎక్కడైనా కార్మికుల క్వార్టర్లే. ఊరి నడుమ ఒక తల్లి విగ్రహం ఉంది, గనుల్లో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళ గుర్తుగా చెక్కింది. ప్రమాదం జరిగి నూరేళ్ళయిన సందర్భంగా, 2007లో పెట్టారు.

ఆ ప్రమాదం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ తోట అర్థం కాదు.

ఆ రోజు ఉదయం పదిన్నర కావస్తుండగా ఫెయిర్‌మాంట్ కోల్ కంపెనీ వాళ్ళ 6వ నంబరు, 8వ నంబరు గనులు పేలాయి. రెండూ లోపల కలిసి ఉన్నాయి కాబట్టి ఒకదానిలో లేచిన మంట రెండోదానిలోకి పరుగెత్తింది. 8వ నంబరు గనికి గాలి పంపే ఫ్యాన్ ధ్వంసమైంది. అసలు కారణం ఇదీ అని చివరిదాకా ఎవరూ తేల్చలేదు. బొగ్గు నింపిన టబ్బుల (పట్టాల మీద నడిచే చిన్న బండ్ల) వరస ఒకటి లింకు తెగి వాలులో వెనక్కి జారిపోయి, కరెంటు తీగలు తెంపి, బొగ్గు ధూళిని లేపిందని ఒక వాదన. లోపల బొగ్గు పగలగొట్టడానికి పెట్టిన మందు తూటా సరిగ్గా పేలక మంట బయటికి తన్నిందని ఇంకో వాదన. బొగ్గు పొరల్లోంచి వచ్చే మీథేన్ వాయువు అంటుకోవడం ఒక ఎత్తయితే, దాని వెనక గాలిలో లేచిన బొగ్గు ధూళి అంటుకోవడం ఇంకో ఎత్తు. ధూళి మంట మొదలైతే ఆక్సిజన్ ఉన్నంతమేరా పోతుంది. మన గనుల్లో గోడలకి సున్నపురాయి పొడి చల్లేది అందుకే. ఆ పొడి మంటకు అడ్డుపడుతుంది. 1907 నాటికి అక్కడ ఆ పద్ధతి లేదు.

అధికారిక లెక్క 362 మంది. అమెరికా గనుల చరిత్రలో అంతకన్నా పెద్ద ప్రమాదం ఇప్పటికీ లేదు. అందులో 171 మంది ఇటాలియన్లు, ఎక్కువమంది మొలీసే, కలబ్రియా ప్రాంతాల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. పోలాండు వాళ్ళు, స్లొవాకులు కూడా చాలామంది. సుమారు 250 మంది ఆడవాళ్ళు భర్తల్ని పోగొట్టుకున్నారు, తండ్రి లేని పిల్లలు వెయ్యికి పైగా మిగిలారు. శవాలను ఉంచడానికి చోటు చాలక, కట్టుబడి పూర్తికాని బ్యాంకు భవనంలో పెట్టారు. శవపేటికలు వీధి పొడవునా వరసగా పేర్చారు. డిసెంబరు చలిలో కొండమీద గోతులు తవ్వుతూనే ఉన్నారు. ఇటాలియన్లకు ఒక చర్చి, పోలిష్ వాళ్ళకు ఒక చర్చి ఉండేవి. ప్రార్థనలు వేరైనట్టే సమాధుల వరసలూ వేరయ్యాయి.

ఇప్పుడు ఆ కొండెక్కి చూస్తే మొదట కళ్ళకు తట్టేది రాళ్ళు కాదు, రాళ్ళు లేని జాగా. గడ్డి కింద నేల అక్కడక్కడా మనిషి పొడవున కుంగి ఉంటుంది. అక్కడ ఎవరో ఉన్నారు. పేరు లేదు. రాయి పెట్టించడానికి ఇంట్లో మగదిక్కు లేదు, చేతిలో డబ్బు లేదు. వెస్ట్ వర్జీనియాలో కార్మికుల నష్టపరిహారం చట్టం వచ్చిందే 1913లో. అప్పటిదాకా చందాలు పోగుచేసి ఇచ్చిన సాయమే ఆ కుటుంబాలకు దిక్కు.

ఇక పని సంగతి.

సమాధుల తోటలోకి ఎవరైనా వెళ్ళొచ్చు, రాయి మీద చెయ్యి వెయ్యాలంటే మాత్రం అనుమతి కావాలి. ఆ తోటను చూసుకునే విచారణ (పారిష్, అంటే చర్చి పరిధి) ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఏం చెయ్యదలచుకున్నాను, ఏ మందు వాడతాను, ఫోటోలు ఎవరికిస్తాను అని అడిగారు. ఈ పనిలో ముందు నుంచీ ఉన్న ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకోమన్నారు. ఆమె తాత ఇటలీ నుంచి వచ్చి ఆ గనుల్లోనే పనిచేశాడట. ఆమె నాకు మొదట చూపించింది బ్రష్ కాదు, రాయిని వినడం. వేలి కణుపుతో మెల్లగా తట్టాలి. గట్టిగా పలికితే సరే. బోలుగా పలికితే లోపల పొర విడిపోయిందని అర్థం, దాన్ని ముట్టుకోకూడదు. తర్వాత అరచేతితో చిన్నగా ఆనించి చూడాలి. ఊగితే వదిలెయ్యాలి. రాయి ఎంత పాతదైతే దానికి అంత తక్కువ చెయ్యాలి అని ఆమె పదేపదే అనేది.

వాడకూడనివి చాలా ఉన్నాయి. ఇనప తీగల బ్రష్ వద్దు. బట్టలకు వాడే బ్లీచింగు వద్దు, అది రాతిలో ఉప్పు మిగిల్చి లోపలి నుంచి తినేస్తుంది. ప్రెషర్ వాషర్ అసలు వద్దు, నూరేళ్ళ పాలరాయి పైపొర పంచదారలా రాలిపోతుంది. అక్షరాలు తేలడానికి షేవింగ్ క్రీమ్ పూసే అలవాటు ఒకటి ఉంది, అదీ తప్పే. రంగు వెయ్యడం, సున్నం కొట్టడం ఊసే లేదు. ఇది వినగానే నాకు ఇల్లందు గుర్తొచ్చింది. నవంబరు 2 సమాధుల పండుగకి వారం ముందు నుంచే మా ఇళ్ళలో సున్నం నానబెట్టేవాళ్ళు. తాత సమాధికి సున్నం కొట్టి, సిలువకు నీలం రంగు వేసి, బంతిపూల దండ కట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తే తోటంతా మనుషులే. మన దగ్గర సమాధి అంటే ఏటా కొత్తగా చేసుకునేది. ఇక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబెట్టాలి. రెండూ ప్రేమే. అయితే మన పద్ధతిలో పొర మీద పొర సున్నం పడి పాత అక్షరాలు పూడుకుపోతాయి. ఇప్పుడు ఇంటికి వెళ్ళినప్పుడు, సున్నం కొట్టకముందే పేర్ల ఫోటోలు తీసి పెట్టమని అందరికీ చెబుతున్నాను.

కడగడానికి కావలసింది ప్రధానంగా నీళ్ళు. కొండమీద కుళాయి ఉండదు, డబ్బాలు కింది నుంచి మోసుకెళ్ళాలి. ముందు రాయిని బాగా తడపాలి. ఎండిన రాయి మీద మందు చల్లితే పీల్చేసుకుంటుంది. రాతి మీద నల్లగా, ఆకుపచ్చగా పట్టిన నాచుకు డీ-టూ అనే ద్రావణం వాడతారు, ఆమ్లం గానీ బ్లీచు గానీ లేనిది. చల్లి పది పదిహేను నిమిషాలు ఆగి, మెత్తటి కుంచె బ్రష్‌తో గుండ్రంగా రుద్దాలి. కింది నుంచి పైకి రావాలి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్ళు పొడి రాతి మీదికి కారి చారలు పడతాయి. దట్టంగా పట్టిన రాతిపువ్వును చెక్కపుల్లతో గీకుతాం. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళు. ఆ రోజే తెల్లగా అయిపోవాలని ఆశపడకూడదు. మందు లోపల పనిచేస్తూ ఉంటుంది, నెలా రెండు నెలలకు వచ్చి చూస్తే రాయి దానంతటది తేటపడి ఉంటుంది. రాత్రిపూట గడ్డకట్టే చలి ఉన్న రోజుల్లో ఈ పని చెయ్యరు. తడి రాతిలో నీరు గడ్డకడితే రాయి పగులుతుంది. అందుకే పనంతా వసంతం నుంచి ఆకులు రాలేదాకా.

అక్కడి రాళ్ళు అన్నీ ఒకటి కావు. డబ్బున్నవాళ్ళవి గ్రానైటు, అవి కడగకపోయినా చదవచ్చు. పాలరాయి అందంగా ఉంటుంది, అక్షరాలు మాత్రం అరిగిపోయి చేతివేళ్ళకే తెలుస్తాయి. ఇసుకరాయి పొరలు పొరలుగా ఊడిపోతుంది. నాకు ఎక్కువ ఇష్టమైనవి సిమెంటు సిలువలు. ఇంట్లోనే చెక్క అచ్చులో పోసి, సిమెంటు ఆరకముందే మేకుతోనో పుల్లతోనో పేరు రాసినవి. అక్షరాలు వంకరపోయి ఉంటాయి, కొన్ని చోట్ల జాగా చాలక పేరు సగంలో కింది వరసకు దిగుతుంది. ఆ రాత రాసిన మనిషి బడికి ఎంత పోయి ఉంటాడో, ఏ దుఃఖంలో రాశాడో ఆ గీతల్లోనే తెలుస్తుంది.

చదవడం అసలు పని. మిట్టమధ్యాహ్నం ఎండలో అరిగిన రాయి చదును పలకలా కనిపిస్తుంది. పొద్దున్నో సాయంత్రమో వెలుగు పక్క నుంచి పడితే గీతల్లో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. ఎండ అటువైపు లేకపోతే నిలువుటద్దం తెచ్చి, రాయికి పక్కన పట్టుకుని, వెలుగును రాతి ముఖం మీదుగా జారేలా తిప్పుతాం. ఒకరు అద్దం పట్టుకోవాలి, ఒకరు ఫోటో తియ్యాలి. అద్దం కొంచెం తిప్పగానే అప్పటిదాకా లేని సంవత్సరం ఒక్కసారి బయటపడుతుంది. అప్పుడు ఇద్దరం ఒకేసారి చదివి వినిపించుకుంటాం.

యూరప్ వాళ్ళ అంకెలతో జాగ్రత్త కావాలి. వాళ్ళ 1కి పైన పొడవాటి తోక ఉంటుంది, మనకు 7లా కనిపిస్తుంది. వాళ్ళ 7కి నడుం మీద అడ్డగీత ఉంటుంది. ఆ రెండూ తారుమారైతే మనిషి వయసు ఆరేళ్ళు అటూఇటూ అవుతుంది, పదిహేడేళ్ళ కుర్రాడు పదకొండేళ్ళ పిల్లాడవుతాడు. గనిలో పోయినవాళ్ళ విషయంలో ఇది చిన్న సంగతి కాదు. పోలిష్ రాళ్ళ మీద పుట్టుకకు, చావుకు రెండే రెండక్షరాల సంక్షిప్తాలుంటాయి, అవి పట్టుబడితే సగం రాయి చదివినట్టే. చాలా రాళ్ళ చివర ఒక మంగళవార్త జపం (మరియమ్మకు చేసే ప్రార్థన) చెప్పమని చదివేవాళ్ళను అడుగుతారు. అడిగిన చోటల్లా పెద్దావిడ పని ఆపి చెప్పేది. నేనూ తెలుగులో చెప్పేవాణ్ణి.

రాసేటప్పుడు నియమం ఒకటే, ఉన్నది ఉన్నట్టు. చెక్కినవాడు పేరులో ఒక అక్షరం తప్పు చెక్కితే ఆ తప్పే రాయాలి. కనిపించని అక్షరానికి గీత గీయాలి, ఊహించి పూరించకూడదు. ఏ వరస, వరసలో ఎన్నోది, ఏ రాయి, ముఖం ఎటువైపు, విరిగిందా, వాలిందా, ఫోటో నంబరు ఎంత, ఇవన్నీ ఒక కాగితం మీద. రాయి లేని గుంటకు కూడా ఒక కాగితం ఉంటుంది. అందులో పేరు గడి ఖాళీగా ఉంచుతాం, వరస మాత్రం రాస్తాం. నాకు ఈ పద్ధతి మీద చాలా గౌరవం. పేరు తెలియకపోయినా మనిషి ఉన్నాడని ఒప్పుకోవడం అది.

ఆ తర్వాత ఇంట్లో కూర్చుని చేసే పని. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం పాత జనన, మరణ, వివాహ రికార్డులను స్కాన్ చేసి ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టింది. రాతి మీది పేరును ఆ రికార్డులతోనూ, చర్చి పుస్తకాలతోనూ సరిచూడాలి. ఇక్కడే అసలు చిక్కు. ఊళ్ళో జొవాన్నిగా పుట్టినవాడు కంపెనీ పుస్తకంలో జాన్. వొయ్‌చెహ్ అనే పోలిష్ పేరు ఒక గుమాస్తాకు ఆల్బర్ట్‌గా, ఇంకొకరికి జార్జ్‌గా మారింది. ఇంటిపేరు చెవికి తోచినట్టు రాసుకున్నారు. ఒకే మనిషి మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటాడు. చర్చి పుస్తకం ఎక్కువ నమ్మదగ్గది, ఎందుకంటే ఫాదర్‌కు వాళ్ళ భాష వచ్చు, పుట్టిన ఊరు కూడా రాసుకునేవారు. ఆ ఊరి పేరు పట్టుకుంటే చాలాసార్లు ముడి విడిపోతుంది.

362 అనే అంకెను ఆ ఊళ్ళో చాలామంది నమ్మరు. ఎందుకో నాకు నాన్న చెబితే ఇంకా బాగా అర్థమైంది. ఆ రోజుల్లో అక్కడ కూలి టన్నుల లెక్క. బొగ్గు నింపిన ప్రతి బండికి కార్మికుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించేవాడు, ఆ బిళ్ళను బట్టి కూలి పడేది. ఒకే బిళ్ళ మీద ఇద్దరు ముగ్గురు నింపేవాళ్ళు. కొడుకునో, తమ్ముణ్ణో, కొత్తగా ఓడ దిగిన ఊరివాణ్ణో తోడు తీసుకెళ్ళేవాళ్ళు. వాళ్ళ పేర్లు కంపెనీ జీతాల పుస్తకంలో ఉండవు. పేలుడు తర్వాత ఆ పుస్తకాన్ని చూసి లెక్కేస్తే వాళ్ళు ఎక్కడ దొరుకుతారు? 1956లో ఆ ఊరికి వచ్చిన ఫాదర్ ఎవరెట్ ఫ్రాన్సిస్ బ్రిగ్స్ ఈ ప్రశ్నను దశాబ్దాల పాటు వదల్లేదు. చనిపోయినవాళ్ళు 500 దాటతారని ఆయన లెక్క. గని కార్మికుల పాలక పునీతురాలు బార్బరమ్మ పేరు మీద ఆయన ఊళ్ళో వృద్ధుల ఆశ్రమం పెట్టించారు, వితంతువుల విగ్రహం కోసం తిరిగారు. 2006లో, విగ్రహం నిలబడకముందే, కన్నుమూశారు.

నాన్నకు వీడియో కాల్‌లో ఇదంతా చెప్పాను. ఆయన చాలాసేపు విన్నారు. "బిడ్డా, మేము షిఫ్టు దిగినోళ్ళ బిళ్ళలు, ఎక్కినోళ్ళ బిళ్ళలు సరిజూసుకునేది. ఒక్క దీపం తిరిగి రాకపోయినా కబురు పంపేది. బిళ్ళ లేనోడు లోపట ఉన్నడని పైనున్నోళ్ళకు ఎట్ల తెలుస్తది?" అన్నారు. 2003లో గోదావరిఖని 7 ఎల్ఈపీ అనే గనిలో నీళ్ళు చొరబడి 17 మంది పోయినప్పుడు ఆ 17 పేర్లూ పేపర్లో చదివానని, పేర్లు ఉండబట్టే ఇళ్ళకు కబురు వెళ్ళిందని గుర్తుచేసుకున్నారు. ఇప్పుడు గనుల్లో పర్మినెంటు కార్మికుల కన్నా కాంట్రాక్టు కార్మికుల సంగతి ఎక్కువగా ఆలోచించాలని కూడా అన్నారు. మోనోంగా నాకు ఎందుకు ముఖ్యమో ఆ ఒక్క మాటలో ఆయన తేల్చేశారు. గనిలోకి దిగే ప్రతి మనిషి పేరు పైన ఒకచోట ఉండాలి. అది దయ కాదు, హక్కు.

ఆ ప్రమాదం నుంచి ప్రాణాలతో బయటపడిన కొద్దిమందిలో పీటర్ అర్బన్ అనే పోలిష్ కార్మికుడు ఒకడు. తోడబుట్టినవాడి శవం పక్కన కూర్చుని ఉండగా రక్షకులకు దొరికాడు. మళ్ళీ గనికే వెళ్ళాడు, ఏళ్ళ తర్వాత గనిలోనే పోయాడు. ఇంకో పని లేని ఊళ్ళో ఎవరైనా అంతే. ఇల్లందులో, కొత్తగూడెంలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో చూశాం.

కతెరీనా డావియా గురించి చెప్పకుండా ఈ తోట గురించి రాయలేను. ఆమె భర్త శవం దొరకలేదు. కొండమీద ఆమెకు వెళ్ళి కూర్చునే చోటు లేదు. రోజూ గని దగ్గరికి నడిచి, ఒక సంచి బొగ్గు మోసుకొచ్చి ఇంటి పక్కన పోసేది. కాల్చేది కాదు, అమ్మేది కాదు. ఆయన మీది బరువు కొంచెమైనా తగ్గుతుందని అనేదట. 29 ఏళ్ళు అలా మోసింది. ఆమెది పిచ్చి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తవ్వి తీయాల్సిన పని ఇంకా మిగిలే ఉందని తెలిసి, ఆమె తన వంతు తాను చేసుకుంటూ పోయింది. ఈ ప్రమాదం, అదే నెలలో పెన్సిల్వేనియాలో 239 మందిని మింగిన డార్ గని ప్రమాదం, ఇలాంటివన్నీ కలిసి ఒత్తిడి తెస్తే 1910లో అమెరికా గనుల బ్యూరో ఏర్పడింది. చట్టాల పుస్తకంలో ఆ సంవత్సరం కనిపిస్తుంది, కతెరీనా బొగ్గు కుప్ప కనిపించదు.

ఇప్పటికి కింది వరసలు కొన్ని పూర్తయ్యాయి. చదివిన రాళ్ళ కాగితాలు ఒక కట్ట విచారణ ఆఫీసులో, ఒక కట్ట ఊరి గ్రంథాలయంలో ఇచ్చాం. ఫోటోలు నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాం. వాటిని చూసి ఇటలీ నుంచి ఒకామె రాసింది. వాళ్ళ ముత్తాత అన్న అమెరికా వెళ్ళి తిరిగి రాలేదని మాత్రమే ఇంట్లో తెలుసట. పేరు, ఊరు, సంవత్సరం మూడూ కలిశాయి. ఆమె అడిగింది ఒక్కటే, ఆ రాయి ఏ దిక్కుకు తిరిగి ఉందని. తూర్పుకు అని రాశాం. కాగితంలో ఆ గడి ఉండబట్టే వెంటనే చెప్పగలిగాం.

పై వరసలు ఇంకా మిగిలాయి. అక్కడ వాలు ఎక్కువ, రాళ్ళు చాలావరకు ముందుకు ఒరిగి ఉన్నాయి. వాటిని నిలబెట్టడం అనుభవం ఉన్న మేస్త్రీల పని, దానికి డబ్బు కావాలి, విచారణ వాళ్ళు ఆ ప్రయత్నంలో ఉన్నారు. మేము ఈలోపు ఒరిగినవాటిని ముట్టుకోకుండా చదవగలిగినంత చదువుతాం. మంచు పోయి రాత్రులు కాస్త వెచ్చబడ్డాక, ఏప్రిల్ ఆఖరులో మళ్ళీ మొదలుపెడతాం. మోర్గన్‌టౌన్, పిట్స్‌బర్గ్ వైపు ఉండే తెలుగువాళ్ళు ఎవరైనా శనివారాలు వస్తే ఎంతో ఉపయోగం. ఇటాలియన్ గానీ పోలిష్ గానీ రానక్కర్లేదు, నీళ్ళ డబ్బాలు కొండెక్కించే చేతులు, అద్దం కదలకుండా పట్టుకునే ఓపిక ఉంటే చాలు. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖని వాళ్ళయితే మీ ఊరి పాత సమాధుల తోటలో రాళ్ళ మీద పేర్లు ఈ నవంబరు సున్నం పడకముందు ఫోన్‌తోనైనా ఫోటోలు తీసి పెట్టండి. పక్క నుంచి వెలుగు పడే వేళ, పొద్దున ఏడు ఎనిమిది మధ్య తియ్యండి.